"అన్ని స్పీడ్లూ పనిచేస్తున్నాయి" అంటే నమ్మి కెమెరా కొనకండి

పాత ఫిల్మ్ కెమెరా కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు డబ్బు ఇచ్చేముందు ఒకసారి ఇది చదవండి. ఒక స్లైడ్ రీలు (నెగెటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చే ఫిల్మ్) మొత్తం పాడుచేసుకున్నాక రాస్తున్నాను.

నేను కొన్నది పూర్తి మెకానికల్ షట్టర్ (ఫిల్మ్ మీద వెలుతురు ఎంతసేపు పడాలో చూసే తెర; ఆ సమయమే స్పీడు) ఉన్న ఎస్‌ఎల్‌ఆర్. "బ్యాటరీ గొడవ లేదు, ఎలక్ట్రానిక్ వాటిలా ఎప్పుడు పోతుందోనన్న టెన్షన్ లేదు, అన్ని స్పీడ్లూ పనిచేస్తున్నాయి" అన్నాడు అమ్మినాయన. నేనూ డయల్ తిప్పి ఒక్కో స్పీడూ నొక్కి చూశాను. టక్‌మని పడింది. చాలనుకున్నాను.

కడిగించిన స్లైడ్లు లైట్ టేబుల్ మీద పెట్టగానే ఉసూరుమనిపించింది. సెకనులో 1/60, 1/125 వంతు స్పీడ్లలో తీసినవి శుభ్రంగా ఉన్నాయి. 1/1000లో తీసినవాటిలో మబ్బులు సున్నం కొట్టిన గోడల్లా ఉన్నాయి. పైగా ఒకే ఫ్రేములో ఆకాశం ఓ పక్క వెలిసిపోయి, రెండో పక్కకు వెళ్లేకొద్దీ నీలం చిక్కబడింది. ముందు వెలుతురు కొలిచే మీటర్‌ని తిట్టుకున్నాను. కానీ మీటర్ తప్పయితే ఫ్రేమంతా ఒకేలా పోవాలి కదా!

రిపేర్ చేసేవాళ్ల దగ్గర షట్టర్ టెస్టర్ మీద కొలిపించాను. డయల్ మీద 1/1000 ఉంటే ఫ్రేము మధ్యలో వచ్చింది 1/480, అంటే రెట్టింపుకు పైగా వెలుతురు. ఒక అంచున 1/350, ఇంకో అంచున 1/800. ఒక సెకను అన్నది 1.6 సెకన్లు.

నా కెమెరాలోది గుడ్డ కర్టెన్ల షట్టర్: ఒక కర్టెన్ తెరుచుకుంటూ పోతే, రెండోది వెనకే మూసుకుంటూ వస్తుంది. స్పీడు పెంచితే కర్టెన్ల పరుగు పెరగదు, రెండింటి మధ్య సందు సన్నబడుతుందంతే. స్ప్రింగ్ బిగువు తగ్గినా, గ్రీజు గట్టిపడినా ఆ సన్నటి సందు దగ్గరే లెక్క తప్పుతుంది. రెండు కర్టెన్ల పరుగు సమానంగా లేకపోతే సందు దారిలోనే వెడల్పు మారుతుంది. నా ఆకాశం రెండు రంగులైంది అందుకే. తక్కువ స్పీడ్లను నడిపేది చిన్న పళ్లచక్రాల వరస. అది జిడ్డుకట్టి ఈడుస్తోంది.

అమ్మినాయన అబద్ధమాడాడని అనను. నెగెటివ్ ఫిల్మ్ వాడుంటే ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) ఎక్కువైనా తెలియదు. స్లైడ్ మాత్రం అర స్టాప్ తేడాకే పట్టిస్తుంది.

దాదాపు అదే వయసున్న నా ఇంకో కెమెరాకు ఎలక్ట్రానిక్ షట్టర్. రెండో కర్టెన్‌ను ఎప్పుడు వదలాలో అక్కడ సర్క్యూట్ లెక్కపెడుతుంది. పనిలో పనిగా దాన్నీ కొలిపిస్తే 1/1000కి 1/940 వచ్చింది, సెకనుకి సెకను. (ఇది ఇప్పటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో సెన్సరే షట్టర్ పని చేసే పద్ధతి కాదు, అది వేరే సంగతి.) అలాగని కళ్లు మూసుకుని కొనేయొద్దు. స్ప్రింగులు, కర్టెన్లు అందులోనూ ఉంటాయి. బ్యాటరీ అయిపోతే చాలా మోడళ్లు మొరాయిస్తాయి. నికాన్ ఎఫ్‌ఈ లాంటిదైతే 1/90, బల్బ్ (నొక్కినంతసేపూ తెరిచుండేది) మాత్రమే మిగులుతాయి. సర్క్యూట్ పోతే మాత్రం విడిభాగం కోసం ఇంకో చచ్చిన కెమెరా వెతుక్కోవాలి.

కొనేముందు టెస్టర్ రీడింగులు అడగండి, అదీ ఫ్రేములో మూడు చోట్లవి. లేవంటే లెన్స్ తీసి, వెనక మూత తెరిచి, లైటు ఎదురుగా పట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ తీయండి. ఒక సెకనుకు 240, 1/30కి 8 ఫ్రేములు వెలుగు కనిపించాలి. 1/125 దాటాక ఇది పనికిరాదు. అక్కడ ఒక పరీక్ష రీలు తప్పదు: సమంగా వెలుతురు పడ్డ గోడను 1/60 ఎఫ్/16లో ఒకటి, 1/1000 ఎఫ్/4లో ఒకటి తీయండి (ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం సైజు, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). రెండూ ఒకేలా, అంచు నుంచి అంచుదాకా సమంగా రావాలి.

అమ్మినాయనకు నా రీడింగుల ఫొటో పంపాను. "టక్‌మని పడుతోంది కదండీ, ఇంకేంటి?" అని జవాబొచ్చింది.