48 వోల్టులని రాసి 5 వోల్టుల ముక్క అంటగట్టారు: కండెన్సర్ మైక్ కిట్ కొనేవాళ్లు జాగ్రత్త

ఆ కిట్ అందరికీ తెలిసిందే. బంగారు రంగు జాలీ ఉన్న నల్ల మైకు, కత్తెర స్టాండు, స్పాంజి టోపీ, వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డు. పెట్టె మీద "24 బిట్, 192 కిలోహెర్ట్జ్, 48 వోల్ట్ సపోర్ట్" (మొదటి రెండూ శబ్దాన్ని ఎంత సూక్ష్మంగా కొలుస్తుందో, సెకనుకు ఎన్ని వేలసార్లు కొలుస్తుందో చెప్పే అంకెలు). 3,200 తగలేశాను. అమ్మినవాడి పేరు రాయను, లిస్టింగ్ ఫొటో చూస్తే మీకే తెలుస్తుంది.

రికార్డు చేస్తే గొంతు వెనకాల కుళాయి విప్పినట్టు సర్రుమని హిస్. ఫిర్యాదు చేస్తే జవాబేంటో తెలుసా? "మైక్ పర్ఫెక్ట్ సార్. మీ ఎక్స్‌పోర్ట్ తప్పు. ఎంపీ3 320లో తీయండి. ముందు ఎడిటింగ్ నేర్చుకోండి." పక్కన నవ్వే బొమ్మ ఒకటి! చెప్పేవాడికి వినేవాడు లోకువ.

ఎక్స్‌పోర్ట్ తప్పో కాదో తేల్చడానికి రెండు నిమిషాలు చాలు. ఆడాసిటీలో (ఉచిత రికార్డింగ్ సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పోర్ట్ చేయకముందే ట్రాక్ వినండి. హిస్ అక్కడే ఉంటే ఎంపీ3కి దాంతో సంబంధం లేదు. నాకు అక్కడే ఉంది, కుదించని వేవ్ ఫైలుగా తీసినా ఉంది. పాలలోనే నీళ్లు కలిశాక గ్లాసు మారిస్తే ఏం లాభం?

తర్వాత మైకు ప్లగ్ పీకేసి, ఉత్త సౌండ్ కార్డు మాత్రమే ఉంచి పది సెకన్లు రికార్డు చేశాను. మైకుతో మౌనంలో మీటర్ మైనస్ 42 డీబీ, మైకు లేకుండా మైనస్ 44 (సున్నాకి ఎంత దగ్గరైతే అంత పెద్ద శబ్దం). అంటే రొదలో ఎక్కువ భాగం ఆ ముక్కదే. నిశ్శబ్దం మైనస్ 60 కంటే కిందుండాలి. కారణం కూడా సింపుల్: ఇలాంటి కండెన్సర్ మైకు సరిగ్గా పనిచేయాలంటే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్ లోంచే అందే కరెంటు) కావాలి. యూఎస్‌బీ ఇచ్చేదే 5 వోల్టులు, దాన్ని పెంచే సర్క్యూట్ ఆ ముక్కలో లేదు, 3.5 ఎంఎం సాకెట్ నుంచి ఇంకా తక్కువే వస్తుంది. సిగ్నల్ బక్కచిక్కిపోతుంది, గెయిన్ (రికార్డింగ్ శబ్దం పెంచే స్లైడర్) 100కి లాగుతాం, రొద కూడా దాంతోపాటే లేస్తుంది. వేలెడంత ముక్కలోంచి 48 వోల్టులు ఎలా వస్తాయని కొనేముందు అడగని మేధావిని నేనే.

ఒళ్లు మండింది మాత్రం ఇక్కడ. పెట్టె మీది 192 కిలోహెర్ట్జ్ ఏదీ అని అడిగితే, ఆడాసిటీలో ప్రాజెక్ట్ రేటు 192000 అని కనిపించే స్క్రీన్‌షాట్ పంపాడు, "ప్రూఫ్" అట! ఆ అంకె ఎవరైనా పెట్టుకోవచ్చు. కార్డు 48000లోనే పంపుతుంది, మిగతాది విండోస్ చప్పుడు లేకుండా సాగదీస్తుంది. ఫైలు నాలుగింతలు బరువెక్కుతుంది, అంతే. ట్రాక్‌ను స్పెక్ట్రోగ్రామ్‌లోకి (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత శబ్దం ఉందో చూపే బొమ్మ) మార్చి, స్కేలు పైదాకా పెంచి చూడండి: 48000లో పట్టేది అందులో సగం వరకే కాబట్టి 24 కిలోహెర్ట్జ్ పైన ఖాళీ. నూతిలో లేనిది చేదలోకి ఎక్కడినుంచి వస్తుంది? విండోస్ సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో రికార్డింగ్, ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌కి వెళ్తే నిజం రాసే ఉంది: 1 ఛానల్, 16 బిట్, 48000 వరకే. ఈ స్క్రీన్‌షాట్ నేను పంపాక జవాబు లేదు. రిటర్న్ అడిగితే అన్‌బాక్సింగ్ వీడియో కావాలట.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు అదే ప్రాపర్టీస్‌లో కస్టమ్ ట్యాబ్‌కి వెళ్లి ఏజీసీ (శబ్దం తగ్గినప్పుడు గెయిన్‌ను దానంతటదే పెంచేది) టిక్ ఉంటే తీసేయండి, మాటల మధ్య హిస్ పొంగడం తగ్గుతుంది. అంతకుమించి ఆశపడొద్దు. సన్నగా 50 హెర్ట్జ్ గుర్రు కూడా వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జర్ పీకి చూడండి. ఆగిపోతే అది ఎర్తింగ్ గొడవ, పాపం దాంట్లో అమ్మినవాడి తప్పు లేదు.

కొత్తగా కొనేవాళ్లు ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్ (మూడు పిన్నుల మైకు సాకెట్), 48 వోల్టుల స్విచ్ రెండూ ఉన్న ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకును కంప్యూటర్‌కి కలిపే పెట్టె) చూసుకోండి. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. నేను 1915 కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేశాను.