అక్కాచెల్లెళ్ళకు రెండు రోజుల విహారం: చెన్నై మేలా, బెజవాడ మేలా?

నెల్లూరు, కావలి, ఒంగోలులో ఉన్న స్నేహితురాళ్ళు, చుట్టాలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. శనివారం పొద్దున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరాలి. అక్కతోనో చెల్లితోనో, అన్నతోనో తమ్ముడితోనో ఏదైనా సిటీలో సరదాగా తిరగాలి. ఎక్కడికి పోతే బాగుంటుంది? మన రెండు జిల్లాల వాళ్ళకు వెంటనే తోచేవి రెండు పేర్లే. నేనుండేది నెల్లూరులో, మా చెల్లి ఒంగోలులో. ఆమెకు బెజవాడ దగ్గర, నాకు చెన్నై దగ్గర. కాబట్టి ఈ పంచాయితీ మా ఇద్దరి మధ్యా ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఈమధ్య మేం చెన్నైకి వెళ్ళొచ్చాం. అలాగని విజయవాడను తక్కువ చెయ్యను, దాని సుఖాలు దానికున్నాయి.

ముందు మిగతా ఊళ్ళ సంగతి తేల్చేస్తాను. తిరుపతి నెల్లూరుకు దగ్గరే కానీ, అక్కడికి పోయి కొండెక్కకుండా రాలేం. దర్శనం టికెట్టు, క్యూ, గుండు, ప్రసాదం, వీటితోనే రెండు రోజులూ గడిచిపోతాయి. అది యాత్ర, దానికి విడిగా పోవాలి. హైదరాబాద్ రాత్రంతా రైల్లో పోవాల్సిన దూరం, బెంగళూరూ అంతే. మూడు రోజుల సెలవు దొరికితే అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఇక దూరాలు. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు, విజయవాడ 250 పైనే. ఒంగోలు నుంచైతే లెక్క తిరగబడుతుంది. విజయవాడ 140 కిలోమీటర్ల లోపే, చెన్నై దానికి రెట్టింపు. ఈ లెక్క చూసి ‘దగ్గరున్న ఊరికి పోతే సరిపోతుంది కదా’ అంటారు చాలామంది. ఒకే ఇంట్లో ఉండే తోడబుట్టినవాళ్ళకు ఆ మాట సరిపోతుంది. వేరు వేరు ఊళ్ళలో కాపురాలున్నవాళ్ళకు మాత్రం రైలెక్కే క్షణం నుంచే విహారం మొదలైనట్టు. పినాకిని ఎక్స్‌ప్రెస్ పొద్దున విజయవాడలో బయలుదేరి ఒంగోలు, నెల్లూరు మీదుగా మధ్యాహ్నానికి చెన్నై చేరుతుంది. చెల్లి ఒంగోలులో ఎక్కి కిటికీ పక్క సీట్లో కూర్చుంటుంది, నేను నెల్లూరులో అదే పెట్టెలో ఎక్కుతాను. పులిహోర డబ్బా నాది, జంతికలు తనవి. గూడూరు దాటేసరికి సగం కబుర్లు అయిపోయి ఉంటాయి. ఇద్దరి టికెట్లూ ఒకేసారి తీస్తే పక్కపక్క సీట్లు దొరికే అవకాశం ఎక్కువ. ఎక్కే స్టేషన్లు వేరు కాబట్టి, విడివిడిగా తీసి ఒకే కోచ్ చూసుకోవడం తేలిక.

తిరుగు ప్రయాణం విషయంలో తేడా బాగా తెలుస్తుంది. విజయవాడ నుంచి మనవైపు వచ్చే పగటి రైళ్ళలో సుఖమైనవి జనశతాబ్ది, వందే భారత్. అవి అక్కడ సాయంత్రం ఐదు లోపే బయలుదేరతాయి. అంటే ఆదివారం భోజనం కాగానే సంచీ సర్దుకోవాలి. చెన్నైలో అలా కాదు. మన పినాకిని రెండు దాటగానే వెళ్ళిపోయినా, సాయంత్రం జీటీ ఎక్స్‌ప్రెస్ ఉంది, తర్వాత హౌరా మెయిల్ ఉంది. ఆదివారం మధ్యాహ్నమంతా మన చేతిలోనే ఉంటుంది. రెండు రోజుల విహారంలో ఒక పూట మిగలడం చిన్న విషయం కాదు. ఒంగోలు వాళ్ళకు విజయవాడ నుంచి బస్సులు ఎప్పుడంటే అప్పుడు దొరుకుతాయి కాబట్టి ఈ ఇబ్బంది అంతగా తగలదు. నెల్లూరు, గూడూరు వాళ్ళకే తగిలేది.

కానీ నా లెక్కలో రైళ్ళు, దూరాలు రెండో స్థానంలో ఉంటాయి. అసలు తేల్చేది ఇంకొకటి: ఆ ఊళ్ళో మనకు చుట్టాలెంతమంది ఉన్నారు?

పెళ్ళిళ్ళయ్యాక తోడబుట్టినవాళ్ళు కలిసేది ఎప్పుడో గుర్తు తెచ్చుకోండి. పండక్కి, పెళ్ళికి, పురిటికి, ఆసుపత్రికి. ప్రతిచోటా చుట్టూ పదిమంది ఉంటారు. అక్కాచెల్లెళ్ళయితే వంటింట్లో కలుస్తారు, ఒకరు కూరలు తరుగుతూ ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడి నాలుగు మాటలనుకుంటారు. అన్నాతమ్ముళ్ళయితే షామియానా వాళ్ళతో, వంటవాళ్ళతో మాట్లాడ్డంలోనే రోజు గడుస్తుంది. ఒకరి మనసులో ఏముందో ఇంకొకరికి చెప్పుకునే తీరికే ఉండదు. ఈ రెండు రోజులూ దాని కోసమే. ఆ తీరికను ఏ ఊరు ఎక్కువ ఇస్తుందో ఆ ఊరే మేలు.

మా విషయంలో విజయవాడలో పిన్ని వాళ్ళున్నారు, మా ఆయన వైపు వాళ్ళున్నారు, చెల్లి ఆడబిడ్డ ఉంది. లాడ్జిలో దిగితే ఆ మాట సాయంత్రానికల్లా వాళ్ళకు చేరుతుంది. ‘ఏంది మే, బెజవాడ దాకా వచ్చి మా గడప తొక్కకుండా పోతారా?’ అని పిన్ని అడిగితే ఏం చెప్పాలి? ఆమె అడగడంలో తప్పేమీ లేదు, అది ప్రేమే. పోతే అన్నం తినకుండా కదలనివ్వదు. ఒకరింటికి పోయి ఇంకొకరింటికి పోకపోతే మరో మాట. ఆ ఇళ్ళకు పోయినప్పుడు సంతోషంగానే పోతాం, కానీ దానికి ఇంకో ప్రయాణం పెట్టుకోవాలి. చెన్నైలో మాకు అంత దగ్గరివాళ్ళెవరూ లేరు. దిగిన క్షణం నుంచి మేమిద్దరమే. ఆకలేసినప్పుడు తింటాం, కాళ్ళు లాగితే కూర్చుంటాం, రాత్రి ఒంటిగంట దాకా మాట్లాడుకుంటాం. మీకు చెన్నైలో మేనమామ ఉండి బెజవాడలో ఎవరూ లేకపోతే, నేను రాసిన మిగతా విషయాలన్నీ పక్కనబెట్టి బెజవాడకే వెళ్ళండి.

ఆ తర్వాత చూడాల్సింది ఏం చూస్తాం, ఏం తింటాం అని. చెన్నై అనగానే మెరీనా అంటారు. మైపాడు, కొత్తకోడూరు, రామాయపట్నం చూస్తూ పెరిగిన మనకు సముద్రం కొత్త కాదు. ఒక సాయంత్రం సుండల్ (ఉడికించిన శనగల తాలింపు) తింటూ ఇసకలో నడవడం బాగుంటుంది, అంతవరకే. నీళ్ళలో దిగొద్దు, అక్కడ సముద్రం ప్రమాదకరం. పైకెక్కి చూడాలనుకుంటే లైట్‌హౌస్‌కు లిఫ్టు ఉంది.

తెలుగువాళ్ళు చెన్నైలో తప్పక చూడాల్సింది ఎగ్మూరు ప్రభుత్వ మ్యూజియం. 1851లో మొదలైన ఆ మ్యూజియంలో మన అమరావతి స్తూపం శిల్పాలకు విడిగా గదే ఉంది. 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి అక్కడ తవ్వించి కొన్ని పలకలను మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా భాగం తర్వాత లండన్ వెళ్ళిపోయాయి, మిగిలినవాటిలో కొన్ని ఇక్కడున్నాయి. పాలరాయిలా కనబడే సున్నపురాయి మీద పూలదండలు మోస్తున్న మనుషులు, బోధివృక్షం, మదించిన ఏనుగు బుద్ధుడి ముందు లొంగిపోయే దృశ్యం. ఆ ఏనుగు పలక ముందు మేమిద్దరం చాలాసేపు నిలబడిపోయాం. గుంటూరు దగ్గరి రాళ్ళను చూడ్డానికి నెల్లూరు దాటి తమిళనాడు రావాల్సి రావడం నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు కాబట్టి మన శని ఆదివారాలకు ఇబ్బంది లేదు. సెంట్రల్ నుంచి మెట్రోలో ఎగ్మూరు పక్క స్టేషనే. అందుకే రూము ఎగ్మూరులో తీసుకోమంటాను. రైలు దిగినచోటి నుంచి సామాను మోసే బాధ ఉండదు.

రెండో పూట మైలాపూరు. కపాలీశ్వరుడి గుడి, కోనేరు, మాడ వీధుల్లో పూలు, ఇత్తడి సామాను, టిఫిన్, ఫిల్టర్ కాఫీ. అక్కడే రాయపేట హైరోడ్డులో అమరజీవి పొట్టి శ్రీరాములు స్మారకం ఉంది. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహార దీక్ష చేసి, 1952 డిసెంబర్ 15న ఆయన ప్రాణం విడిచింది ఆ ఇంట్లోనే. మా జిల్లాకు ఆయన పేరే పెట్టుకున్నాం కానీ ఆ ఇల్లు చూసిన నెల్లూరువాళ్ళు ఎంతమంది? పది నిమిషాలు చాలు, వెళ్ళి నమస్కారం చేసుకుని రండి.

చీరలు, చిన్న చిన్న వస్తువులు కొనాలంటే టీ నగర్. ఆదివారం సాయంత్రం రంగనాథన్ వీధిలో అడుగు తీసి అడుగు వెయ్యలేం కాబట్టి ఆదివారం పొద్దున్నే పోవడం మంచిది. ఆటోవాళ్ళతో బేరం టెన్షన్ అనిపిస్తే యాప్‌లో బుక్ చేసుకోండి. భాష గురించి భయపడక్కర్లేదు, మన నెల్లూరు యాసను అర్థం చేసుకునేవాళ్ళు సెంట్రల్ నుంచి టీ నగర్ దాకా కనిపిస్తూనే ఉంటారు.

విజయవాడ వంతు. ఆ ఊళ్ళో నాకు అన్నిటికంటే ఇష్టమైనది సాయంత్రం వేళ కృష్ణ. ప్రకాశం బ్యారేజీ దీపాలు నీళ్ళలో పడుతుంటే ఒడ్డున కూర్చోవడం చెన్నైలో దొరకని సుఖం. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీకి పెట్టింది మన వినోదరాయునిపాలెంలో పుట్టిన ప్రకాశం పంతులు గారి పేరు. నెల్లూరాయన గుర్తు చెన్నైలో, ఒంగోలాయన గుర్తు బెజవాడలో ఉన్నాయన్నమాట. అయితే సైమన్ కమిషన్‌కు వ్యతిరేకంగా 1928లో పంతులుగారు తుపాకులకు గుండె చూపించింది మద్రాసులోనే కదా అని నేనంటే, చెల్లి ఒప్పుకోదు.

పొద్దున కొండ మీద అమ్మవారి దర్శనం, బాబాయ్ హోటల్లో వెన్న వేసిన ఇడ్లీ, తర్వాత నది దాటి ఉండవల్లి గుహలు. నాలుగంతస్తులుగా కొండను తొలిచిన ఆ గుహల్లో, పడుకున్న అనంతపద్మనాభుడి విగ్రహం కొండరాతిలోనే చెక్కినది. దాన్ని మొదటిసారి చూస్తే నోట మాట రాదు. స్వరాజ్ మైదానంలో 2024 జనవరిలో ఆవిష్కరించిన అంబేడ్కర్ విగ్రహం పీఠంతో కలిపి 206 అడుగులు, దాన్ని సాయంత్రం పూట చూడండి. భవానీ ద్వీపానికి బోట్లు తిరుగుతాయి కానీ కృష్ణకు వరద వస్తే ఆపేస్తారు, కాబట్టి ఆగస్టు, సెప్టెంబర్లలో దాని మీద ఆశ పెట్టుకోవద్దు. బట్టలకు వస్త్రలత, బీసెంట్ రోడ్డు ఉన్నాయి. ఊరు చిన్నది, ఎక్కడి నుంచి ఎక్కడికైనా ఆటోలో తొందరగా చేరిపోవచ్చు. ఖర్చు కూడా చెన్నై కంటే తేలిగ్గా తేలుతుంది. అమ్మను కూడా తీసుకుపోవాలనుకునేవాళ్ళకు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు ఇదే అనువు. దసరా తొమ్మిది రోజుల్లో మాత్రం దర్శనం కోసమైతేనే వెళ్ళాలి, విహారానికైతే వద్దు.

తమ్ముడితో పోయేవాళ్ళు కూడా అడుగుతున్నారు. అన్నాతమ్ముళ్ళకు, అక్కాతమ్ముళ్ళకు కూడా నా మాట చెన్నైయే. మగపిల్లలకు బట్టల కొట్లలో ఓపిక ఉండదు కాబట్టి ఆ పూట వాళ్ళను ఎలక్ట్రానిక్ సామాను దొరికే రిచీ స్ట్రీట్‌కు వదిలెయ్యండి. మళ్ళీ భోజనానికి కలుసుకోవచ్చు.

మార్కాపురం, పొదిలి వైపు వాళ్ళు ఇదంతా చదివి చెన్నైకి బయలుదేరకండి. మీకు గుంటూరు మీదుగా విజయవాడ దారి తేలిక, చుట్టాల సంగతి ముందే ఫోన్లో సర్దుకోండి. ఒంగోలు వాళ్ళలో ఇద్దరూ ఒంగోలులోనే ఉంటే విజయవాడే మేలు. ఒకరు ఒంగోలులో, ఒకరు నెల్లూరులో, లేదా ఇద్దరూ కావలికి దక్షిణాన ఉంటే చెన్నై.

ఎప్పుడు పోవాలంటే, నన్నడిగితే డిసెంబర్ రెండో సగం. అక్టోబరు, నవంబరు వానలు మనకు, చెన్నైకి ఒకేసారి కురుస్తాయి కాబట్టి అప్పుడు వద్దు. డిసెంబర్ సగం దాటాక ఎండ మెత్తబడుతుంది, మైలాపూరు చుట్టుపక్కల సభల్లో మార్గళి (ధనుర్మాసం) సంగీత కచేరీలు జరుగుతుంటాయి. పొద్దున, మధ్యాహ్నం కచేరీలు కొన్నింటికి టికెట్టు కూడా ఉండదు. చిన్నప్పుడు ఇద్దరం ఒకే చాప మీద కూర్చుని సంగీతం నేర్చుకున్నాం. మేం పోయినప్పుడు తమిళ గాయకులు త్యాగరాజ కీర్తన ఎత్తుకోగానే చెల్లి నా వైపు చూసి తాళం వెయ్యడం మొదలుపెట్టింది. ఆ వారాంతాలకు రైళ్ళన్నీ ముందే నిండిపోతాయి, అయ్యప్ప భక్తుల రద్దీ కూడా కలుస్తుంది. రిజర్వేషన్ తెరిచిన వెంటనే పోను, రాను టికెట్లు రెండూ తీసేసుకోండి. తిరుగు టికెట్టు దొరికిందని ఖాయమయ్యాకే రూము డబ్బు కట్టండి.