14 వేల కిలోమీటర్లు తొక్కాక చెప్తున్నా: సైకిల్ కొనేటప్పుడు వెనక చక్రం చూడండి

2021 ఆగస్టులో కొన్న నా హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కీ, మౌంటెన్ సైకిల్‌కీ మధ్యరకం) సైకిల్ మీటరు మొన్ననే 14 వేల కిలోమీటర్లు దాటింది. హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి గచ్చిబౌలి, హఫీజ్‌పేట్, కొండాపూర్ మీదుగా ఒకవైపు 11 కిలోమీటర్లు, వారానికి నాలుగు రోజులు. పొద్దున తొమ్మిదిన్నరకి అదే దారిలో కారులో వెళ్తే ముప్పావుగంట నుంచి గంట, సైకిల్ మీద 33 నిమిషాలు, ట్రాఫిక్ ఎలా ఉన్నా అటూ ఇటూగా అంతే. ఆఫీసులో అందరూ ముందు అడిగేది "ఎన్ని గేర్లు?" అని. నేను మాత్రం ముందు చక్రాల గురించే చెప్తాను, ఎందుకంటే నా డబ్బులు పోయింది అక్కడే.

దీనికంటే ముందు 2019లో ముందు షాకులు, లావు టైర్లు, 21 గేర్లు ఉన్న సైకిల్ ఒకటి కొన్నాను, చూడ్డానికి దిట్టంగా ఉందని. ఏడు నెలలకే వెనక ఇరుసు వంగింది. మార్పించాను, మళ్ళీ వంగింది. మెకానిక్ చక్రం ఊడదీసి చూపించాక గానీ నాకు సంగతి తెలియలేదు. అందులో గేర్ల పళ్ళు హబ్బుకి, అంటే చక్రం మధ్యలో ఇరుసు చుట్టూ ఉండే గొట్టానికి, మరలాగా బిగించే ఫ్రీవీల్ రకం. ఆ రకంలో కుడివైపు బేరింగ్ బాల్స్ హబ్బు లోపలే ఆగిపోతాయి, అక్కణ్ణుంచి ఫ్రేమ్ దాకా ఇరుసుకి ఏ ఆధారమూ ఉండదు. 84 కిలోల మనిషి, వీపుకి లాప్‌టాప్ బ్యాగు, దానికి తోడు మన రోడ్ల గుంతలు, ఎన్నాళ్ళు ఆగుతుంది? గేర్ల పళ్ళని మరలాగా కాకుండా జారేలా తొడిగే క్యాసెట్ రకం హబ్బులో బాల్స్ దాదాపు ఫ్రేమ్ పక్క వరకు వస్తాయి, కాబట్టి బరువు ఇరుసు చివర్ల మీద పడుతుంది. ఇప్పటి సైకిల్ క్యాసెట్‌దే. నాలుగేళ్ళు దాటినా ఇరుసు ఒక్కసారీ వంగలేదు. షాపులో ఇంకేమీ అడక్కపోయినా ఫ్రీవీలా, క్యాసెట్టా అన్నది మాత్రం కచ్చితంగా అడగండి.

షాకుల మాట. తక్కువ ధర సైకిళ్ళకి వచ్చే షాకులు గుంతని మింగేది కొంచెమే, లేచి నిలబడి తొక్కినప్పుడు మాత్రం హ్యాండిల్ కిందికి దిగుతూ మన బలాన్నీ మింగేస్తాయి. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తేడా తొడలకి తెలుస్తుంది. ఇప్పటిదానికి ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు షాకుల్లేని మామూలుది, టైర్లు 35 ఎంఎం వెడల్పువి. టైర్లో గాలి సరిగ్గా ఉంటే అదే సగం షాకు. నేను వెనక 70, ముందు 60 పీఎస్ఐ పెడతాను, వారానికోసారి ఇంట్లో పంపుతో చూసుకుంటాను. వాల్వు మాత్రం కారు ట్యూబుకి ఉండే రకమే తీసుకోండి, దారిలో ఏ పంక్చర్ షాపులోనైనా గాలి కొట్టించుకోవచ్చు. సన్నటి ప్రెస్టా వాల్వయితే అడాప్టర్ జేబులో పెట్టుకుని తిరగాలి.

సైకిల్‌తో వచ్చిన టైర్లు మొదటి ఏడాది నన్ను బాగా ఏడిపించాయి, నెలకో పంక్చర్. ఆఫీసు బట్టలతో రోడ్డు పక్కన కూర్చుని ట్యూబు మార్చడం, పది గంటల మీటింగు టెన్షన్, చేతులకి మసి. తర్వాత ష్వాల్బే మారథాన్ టైర్లు వేయించాను, లోపల పంక్చర్ కాకుండా దాదాపు 3 ఎంఎం రబ్బరు పొర ఉంటుంది. బరువు ఎక్కువే, మొదటి వారం సైకిల్ వెనక్కి లాగుతున్నట్టే అనిపించింది. కానీ మూడేళ్ళలో పంక్చర్లు రెండే. అందులో ఒకటి గాజు ముక్క కాదు, ముల్లూ కాదు, పేలిపోయిన లారీ టైరు లోంచి రాలే వెంట్రుకంత ఉక్కు తీగ. కంటికి కనపడలేదు, టైరు లోపల వేలితో నెమ్మదిగా తడుముతూ పోతే గుచ్చుకుంది. దాన్ని పీకకుండా కొత్త ట్యూబు వేసి ఉంటే పది నిమిషాల్లో అదీ పోయేది.

ఇప్పటి సైకిల్లో నాకు నచ్చనిది వెనక చక్రం స్పోకులు. 32 ఉన్నాయి, నా బరువుకి 36 ఉంటే బాగుండేది. 5 వేల కిలోమీటర్ల దగ్గర హఫీజ్‌పేట్ ఫ్లైఓవర్ మీద టంగుమని చప్పుడు, చక్రం బ్రేకు వేసినట్టు ఫ్రేముకి రాసుకోవడం మొదలుపెట్టింది. గేర్ల వైపు స్పోకు తెగింది. ఎక్కువగా తెగేది ఆ వైపువే, వాటి మీదే బిగువు ఎక్కువ. చందానగర్‌లో నేను వెళ్ళే మెకానిక్ పెద్దాయన చక్రాన్ని తిప్పుతూ ఒక్కో స్పోకునీ వేలితో మీటుకుంటూ పోయాడు. "ఇను తమ్మీ, ఈ పుల్ల మోగుతలేదు, డీలా ఉన్నది" అన్నాడు. నిజమే, పక్కవి ఖంగుమంటుంటే అది మాత్రం ధబ్‌మంటోంది. అలాంటివి నాలుగు దొరికాయి. డీలా అయినవాటి భారం పక్కవి మోస్తాయి, చివరికి అందులో ఏదో ఒకటి తెగుతుంది. అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి ఆదివారం నేనే మీటి చూస్తాను, వదులు అనిపిస్తే ఆయన దగ్గర బెండు తీయిస్తాను. ఆ తర్వాత ఒక్కటి కూడా తెగలేదు.

గేర్లు 24, నేను వాడేది ఆరో ఏడో. ముందు మధ్య పళ్ళచక్రం మీదే ఉంచి వెనకవి మారుస్తాను, కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కడానికి కూడా అదే సరిపోతుంది. ఇక్కడ నేను చేసిన తప్పు చైను సంగతి పట్టించుకోకపోవడం. మొదటి చైనుని 6 వేల దాకా లాగాను, అది సాగిపోయి క్యాసెట్ పళ్ళని కూడా అరగదీసింది, రెండూ మార్చాల్సి వచ్చింది. ఇప్పుడు చైను గేజీ ఒకటి కొనుక్కున్నాను, సాగిందని చూపించగానే, దాదాపు 3,500 కిలోమీటర్లకోసారి, చైను ఒక్కటే మారుస్తున్నాను, క్యాసెట్ బాగానే ఉంది.

బ్రేకులు కేబుల్‌తో పనిచేసే డిస్కులు. వానలో రిమ్ము బ్రేకులకంటే ఎంతో నయం, వానకి తడిసిన మొదటి రోజు మాత్రం కీచుమంటాయి. చైనుకి కొట్టే ఆయిల్ స్ప్రే డిస్కు మీద పడనివ్వకండి, ప్యాడ్లు పాడైపోతాయి. వర్షాకాలం హబ్బు మునిగేంత నీళ్ళలో దిగొద్దు. కింద మ్యాన్‌హోల్ ఉందో లేదో తెలియదు, పైగా నీళ్ళు బాల్స్ దాకా వెళ్తే గ్రీజు పోతుంది. ఓసారి దిగాను, నెల తిరక్కుండానే వెనక చక్రం గరగరమంది, విప్పి మళ్ళీ గ్రీజు పెట్టించాల్సి వచ్చింది.

మడ్‌గార్డులు, క్యారియర్ బిగించే రంధ్రాలు ఫ్రేముకి ఉన్నాయా అన్నది కూడా కొనకముందే చూసుకోండి, లేనిదానికి తర్వాత పట్టీలతో కట్టినా నిలవవు. నేను మూడో ఏడు క్యారియర్ వేయించి బ్యాగు వీపు మీంచి దాని మీదకి మార్చాను, అప్పట్నుంచి చొక్కా చెమటకి తడవకుండానే ఆఫీసుకి చేరుతున్నాను.