పిల్లల కఫానికి వీపు తట్టడమా, ఊదించడమా: ఏది మేలు?

అనంతపురంలో నా దగ్గరికి పిల్లల్ని తెచ్చే తల్లుల్లో చాలామంది మొదట అనే మాట ఇదే: "మేడమ్, పిల్లోనికి నెమ్ము చేసింది. కొంచెం వీపు తట్టి కఫం తీసెయ్యండి." ఫిజియోథెరపీ అంటే తట్టడమే అని వాళ్ల లెక్క. బాటిల్‌లో నీళ్లు పోసి ఊదించడం కూడా వైద్యమే అంటే నమ్మడానికి టైం పడుతుంది. రెండూ నేను రోజూ చేసే పనులే కాబట్టి, ఏది ఎవరికి పనికొస్తుందో చెప్తాను.

అసలు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఈ రెండూ అక్కర్లేని పిల్లలే ఎక్కువ. రెండేళ్లలోపు పిల్లలకు వైరస్ వల్ల బ్రాంకియోలైటిస్ వస్తే, ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలు వాచిపోతాయి. వీపు తడితే ఆ వాపు తగ్గదు. బిడ్డ ఏడ్చి ఏడ్చి ఇంకా అలసిపోతుంది. తట్టినంత మాత్రాన జబ్బు త్వరగా నయం కాదని పరిశోధనల్లోనూ తేలింది. మామూలు న్యుమోనియాకూ ఇదే మాట. అందుకే బిడ్డ రాగానే నేను చెయ్యి వేయను. చొక్కా పైకెత్తి, వాచీ చూసుకుంటూ నిండా ఒక నిమిషం ఊపిరి లెక్కపెడతాను. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు 40, లేదా అంతకు మించి ఉన్నా, డొక్కలు ఎగరేస్తున్నా ముందు పిల్లల డాక్టర్ దగ్గరికే పంపిస్తాను.

మా జిల్లాలో ఇంకో ప్రశ్న తప్పకుండా అడగాలి: "శనక్కాయలు ఏమన్నా తిన్నాడా అమ్మా?" పంట ఇంటికొచ్చే రోజుల్లో వాకిట్లో, మంచం కింద, ఎక్కడ చూసినా అవే. నిన్నటిదాకా బాగున్న పిల్లోడికి ఉన్నట్టుండి దగ్గు పట్టుకుని, స్టెత్ పెడితే ఒక పక్క గాలి తక్కువగా వినిపిస్తే, గింజ గాలి గొట్టంలో ఇరుక్కుందేమోనని అనుమానించాలి. శనక్కాయ గింజ మామూలు ఎక్స్‌రేలో కనపడదు. కఫం అనుకుని రోజూ వీపు తడితే గింజ కదిలి ఇంకోచోట అడ్డం పడొచ్చు, ప్రాణం మీదికే రావొచ్చు. బ్రాంకోస్కోపీ చేసి, అంటే కెమెరా ఉన్న సన్నటి గొట్టాన్ని ఊపిరి దారిలోకి పంపి, దాన్ని తీసేదాకా ఫిజియోథెరపీ జోలికే పోకూడదు. గొంతుకు అడ్డం పడి బిడ్డ ఉక్కిరిబిక్కిరయ్యే క్షణంలో చేసే ప్రథమ చికిత్స మాత్రం వేరు. దాన్నీ దీన్నీ కలపొద్దు.

ఇక తట్టడం సంగతి. అరచేతిని గుంటలా వంచి, పలుచటి బట్ట మీద తడితే బోలుగా టప్ టప్‌మని చప్పుడు రావాలి. చట్‌మని దెబ్బ చప్పుడు వస్తే చెయ్యి చదునుగా పడుతున్నట్టే, బిడ్డకు నొప్పే మిగులుతుంది. వెన్నెముక మీద, పొట్ట మీద తట్టకూడదు. పాలు తాగిన వెంటనే వద్దు. పసిబిడ్డను తల కిందికి వాల్చి తట్టడమైతే అసలే వద్దు, తాగిన పాలు పైకొస్తాయి. ఇన్ని జాగ్రత్తలున్నా తట్టడాన్ని నేను వదిలెయ్యలేను. కఫం అడ్డుపడి ఊపిరితిత్తిలో ఒక భాగం ముడుచుకుపోయిన పసిబిడ్డకు "ఊదు నాన్నా" అంటే ఏం తెలుస్తుంది? అక్కడ నా చేతులే పని చేయాలి.

నాలుగేళ్లు దాటి మాట వినే పిల్లలకైతే ఊదించడమే మేలంటాను. ముఖ్యంగా బ్రాంకియెక్టాసిస్ ఉన్నవాళ్లకు. పాత టీబీ వల్లో, చిన్నప్పుడు గట్టిగా వచ్చిన న్యుమోనియా వల్లో గాలి గొట్టాలు వెడల్పైపోయి, కఫం అక్కడే నిలిచిపోతుంది. దాన్ని రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి తీయాలి. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చే తొమ్మిదేళ్ల పాపకు ఇదే జబ్బు. తెల్లారకముందే అమ్మ కూలికి పోతుంది, వీపు తట్టాల్సింది అవ్వ. అవ్వకు భుజం నొప్పి. వారంలో సగం రోజులు తట్టడమే జరిగేది కాదు, పాపకు మళ్లీ జ్వరం, మళ్లీ యాంటీబయాటిక్.

ఆ పాపకు బాటిల్ నేర్పాను. మూత తీసిన బాటిల్‌లో 10 సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు, అడుగుదాకా ఒక పైపు. బుగ్గలు ఉబ్బించకుండా, బుడగలు ఆగకుండా నిదానంగా ఊదాలి. ఆ నీళ్ల బరువుకు ఎదురు ఊదడం వల్ల గొట్టాలు మూసుకుపోవు, గాలి కఫం వెనక్కి చేరుతుంది. పది పన్నెండుసార్లు ఊదాక, అద్దం మీద ఆవిరి పట్టించినట్టు నోరు బాగా తెరిచి "హా" అనాలి. కఫం పైకొచ్చేది ఈ "హా"తోనే. ఇది మానేసి ఉత్త బుడగలు ఊదితే ఆటే అవుతుంది.

మొదటిసారి అవ్వ సెలైన్ పైపు కోసి తెచ్చింది. అది మరీ సన్నం, ఊదేటప్పుడు ఒత్తిడి ఎక్కువైపోతుంది. లోపల కనీసం 8 మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి. వాడిన ప్రతిసారీ నీళ్లు పారబోసి, పైపు కడిగి ఆరబెట్టాలి. కఫంలో రక్తం పడే పిల్లలకు, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన పిల్లలకు డాక్టర్‌ని అడగకుండా ఊదించకూడదు. ఇప్పుడు ఆ పాప బడికి పోయేముందు ఒకసారి, రాత్రి అన్నానికి ముందు ఒకసారి తనే ఊదుకుంటుంది. అవ్వ పక్కన కూర్చుని లెక్కపెడుతుంది, అంతే.

కండరాల బలహీనత ఉన్న పిల్లల దగ్గర మాత్రం ఈ రెండూ చాలవు. వాళ్లకు ఊదే శక్తి ఉండదు. తట్టి కఫం కదిలించినా, దాన్ని బయటికి తోసే దగ్గు రాదు. బిడ్డ దగ్గబోయే సరిగ్గా ఆ క్షణంలో పక్కటెముకల కింద చెయ్యి పెట్టి లోపలికి, పైకి నొక్కాలి. ఎంత బలంతో, ఏ క్షణంలో అన్నది కాగితం మీద రాసిస్తే రాదు. తల్లి చెయ్యి మీద నా చెయ్యి పెట్టి, ఆమెకు ధైర్యం వచ్చేదాకా రోజూ చేయిస్తాను.