ఆటోనగర్‌లో కారు అద్దం వేయించా, పని బాగుంది

మా ఎలక్ట్రిక్ కారు వెనక వైపు పక్కనుండే చిన్న ఫిక్స్‌డ్ అద్దం రాయి తగిలి పొడిపొడైంది. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో స్టాక్ లేదు, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు. గాజువాక ఆటోనగర్‌లో ఓ అద్దాల షాపువాళ్ళు తెప్పించి బిగించారు. ఇది కిందికి దిగే అద్దం కాదు, బాడీకి యూరిథేన్ గమ్‌తో అతికిస్తారు, కాబట్టి పనంతా పాత గమ్ కోయడంలోనే ఉంది. కుర్రాడు పెయింట్‌కి గీత పడకుండా పాత గమ్ పల్చటి పొర మాత్రం ఉంచి, కొత్త గమ్ బాగా పట్టడానికి ప్రైమర్ పూసి, అది ఆరాక అద్దం పెట్టి టేపులు వేశాడు. ఆ గమ్ గాలిలో తేమకే గట్టిపడుతుందట, మన వైజాగ్‌లో దానికేం కొదవ! అది గట్టిపడేదాకా డోర్లు గట్టిగా వేయొద్దు, ఒక కిటికీ కాస్త దించి ఉంచమన్నాడు. తర్వాత వానలో చుక్క కూడా కారలేదు. వాక్యూమ్ మాత్రం మొక్కుబడిగా పట్టారు, సీటు సందుల్లో గాజు ముక్కలు ఇంకా దొరుకుతున్నాయి. ఫోన్ ఎత్తరు, నేరుగా వెళ్ళడమే మంచిది.