ఏఎంటీ కారు, నాలుగేళ్ల తర్వాత: మైలేజీ బాగుంది, ఘాట్ రోడ్డు ఎక్కనంతవరకు

ముందు మైలేజీ సంగతే చెప్తాను, ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు తనే మార్చుకునే కారు) కొన్నానని తెలిసినవాళ్లంతా మొదట అడిగేది అదే. బాగుంది. ఊళ్లో అయితే మాన్యువల్ కంటే బాగుంది. ఊరికే అనడం లేదు, మొదటి ట్యాంకు నుంచీ రాసుకుంటున్న పుస్తకం నా దగ్గర ఉంది. ఎప్పుడూ ఒకే బంకు, పంపు తనంతట తాను ఆగినచోటే ఆపించడం, "రౌండ్ చేసేద్దాం సార్" అన్నా వద్దనడం, తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించడం. డ్యాష్‌బోర్డు మీద కనిపించే అంకెను నేను లెక్కలోకి తీసుకోను, నా కారులో అది ఎప్పుడూ కిలోమీటరు దాకా ఎక్కువే చూపిస్తుంది.

పోల్చుకోవడానికి మా కుటుంబంలోనే ఇంకో కారు ఉండటం నాకు బాగా కలిసొచ్చింది. మా తమ్ముడిది ఇదే మోడల్, ఇదే ఇంజిన్, కాకపోతే మాన్యువల్. నా రోజువారీ దారి వైజాగ్‌లో మధురవాడ నుంచి గాజువాక. హనుమంతవాక, మద్దిలపాలెం, గురుద్వారా, ఎన్ఏడీ, ఎక్కడ చూసినా ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. మధ్యలో కొన్ని వారాలు ఇద్దరం కార్లు మార్చుకున్నాం. అదే దారిలో, అదే టైములో, ఏసీ వేసుకుని నడిపితే వాడి మాన్యువల్ లీటరుకు 14.5 దగ్గర ఆగింది. నా ఏఎంటీ 15.5 నుంచి 16 ఇస్తుంది. హైవే మీద మాత్రం తేడా ఏమీ లేదు, శ్రీకాకుళం వైపు 80, 90లో నిలకడగా వెళ్తే రెండూ 20 దాటతాయి.

"ఆటోమేటిక్ అంటే పెట్రోలు తాగేస్తుంది" అనే మాట పాత టార్క్ కన్వర్టర్ కార్ల నాటిది. వాటిలో ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ప్లేటు బదులు ఆయిల్ తిరుగుతుంది, ఆ ఆయిల్ జారినంత మేరా శక్తి వేడి కింద పోతుంది, పైగా అప్పట్లో గేర్లు నాలుగే. ఇప్పటి టార్క్ కన్వర్టర్లు ఆ జారుడును ఆపే లాకప్ క్లచ్‌తో, ఆరు గేర్లతో వచ్చి చాలా మెరుగయ్యాయి, అది వేరే విషయం. ఏఎంటీ అసలు ఆ జాతే కాదు. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. మన ఎడమ కాలు చేసే పనీ, ఎడమ చెయ్యి చేసే పనీ యాక్చువేటర్ అనే ఒక పరికరం చేస్తుంది, అంతే. 2014లో మారుతి సెలెరియో ఏఎంటీతో వచ్చినప్పుడు మాన్యువల్‌కీ దానికీ కంపెనీ చెప్పిన మైలేజీ ఒక్కటే, 23.1. పదేళ్ల తర్వాత వచ్చిన 2024 స్విఫ్ట్‌లో అయితే మాన్యువల్‌కి 24.80, ఏఎంటీకి 25.75.

ఆ అంకెలు రోడ్డు మీద ఎవరికీ రావు, ఆ పరీక్ష ల్యాబ్‌లో రోలర్ల మీద చేస్తారు, వేగం 90 దాటదు. కానీ ఏఎంటీ ఎందుకు ముందుంటుందో అందులోనే తెలుస్తుంది. మాన్యువల్ కారుకు ఏ వేగంలో ఏ గేరు వెయ్యాలో పరీక్ష నియమాలే నిర్ణయిస్తాయి, ఏఎంటీ తన ప్రోగ్రాం ప్రకారం తను మార్చుకుంటుంది. రోడ్డు మీద నేను చూసేదీ అదే. యాక్సిలరేటర్ నెమ్మదిగా తొక్కితే 45 దగ్గరికే నాలుగో గేరులో ఉంటుంది. సాయంత్రం ఎన్ఏడీ దగ్గర అలిసిపోయి ఉన్న మనిషి ఎలాగూ మళ్లీ ఆగాలి కదా అని రెండో గేరులోనే లాగించేస్తాడు. మిషన్‌కి అలసట లేదు, ఊళ్లో ఆ ఒక కిలోమీటరు తేడా అక్కడే వస్తోంది. నాకు ఇది నిజంగా నచ్చింది, ఇప్పటికీ నచ్చుతుంది. గేరు మారేటప్పుడు తల ఊగడం గురించి అందరూ రాశారు కాబట్టి వదిలేస్తున్నా, రెండు నెలల్లో అలవాటైపోతుంది.

ఇప్పుడు అనంతగిరి ఘాట్ సంగతి.

డిసెంబరు చివరి సెలవుల్లో అరకు బయల్దేరాం. నా కారులో ఐదుగురం, వెనక సామాను, మా వెనకే తమ్ముడి కారు. శృంగవరపుకోట దాటి ఘాట్ మొదలయ్యాక కాసేపటికే ట్రాఫిక్ ఆగిపోయింది. పైన మలుపులో రెండు బస్సులు ఎదురెదురుగా ఇరుక్కున్నాయట. అక్కడి నుంచి రెండు బారలు కదలడం, ఆగడం, మళ్లీ రెండు బారలు. నా వేరియంట్‌లో హిల్ హోల్డ్ లేదు, అంటే ఎత్తు మీద బ్రేకు వదిలాక కారు వెనక్కి జారకుండా కాసేపు పట్టి ఉంచే ఏర్పాటు. బ్రేకు మీద కాలు ఉన్నంతసేపు క్లచ్ పూర్తిగా విడిపోయి ఉంటుంది, దానికి నష్టం లేదు. కాలు తీసిన క్షణం నుంచి కారును మెల్లగా ముందుకు పాకించడానికి క్లచ్‌ను సగం పట్టించి ఉంచుతుంది, చదును రోడ్డు మీద అది ఎంతో సుఖం, కానీ ఎత్తు మీద నిండు లోడుతో అదే పని మళ్లీ మళ్లీ చేస్తే ప్లేటు కాలుతుంది. ముందు వాసన వచ్చింది. ఎవరి బండిదో అనుకుంటూ అద్దం దించేలోపే బీప్ మొదలైంది, గేరు చూపించేచోట ఎన్ (న్యూట్రల్) అక్షరం వెలిగి ఆరుతోంది. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తోంది, కారు కదలడం లేదు, పైగా వెనక్కి జారబోయింది. హ్యాండ్ బ్రేకు బలంగా లాగాను, మా ఆవిడ దిగి వెనక చక్రం కింద రాయి పెట్టింది. ఆ రెండు నిమిషాల టెన్షన్ ఇప్పుడు రాస్తున్నా గుర్తొస్తోంది, ఒక పక్క లోయ, వెనక తమ్ముడి కారు, అందులో పిల్లలు.

వాడు దిగొచ్చి, "అన్నయ్యా, నా క్లచ్ కూడా వాసన వేస్తోంది, కానీ నాకు కిలోమీటరు కిందే కాలికి తెలిసింది, పెడల్ పట్టు పైకి వచ్చేసింది, అందుకే గ్యాప్ ఇచ్చి వస్తున్నా" అన్నాడు. నాలుగేళ్లుగా ఈ కారు గురించి నేను చదివిన ఏ రివ్యూలోనూ ఆ మాట లేదు. మాన్యువల్ గేర్‌బాక్స్ కాబట్టే దీనికి మాన్యువల్ మైలేజీ వస్తోంది, మాన్యువల్ క్లచ్ కాబట్టే అది అలాగే కాలుతుంది కూడా, కానీ కాలుతున్న సంగతి చెప్పే పెడల్ మాత్రం లేదు. ఇంజిన్ ఆపి ముప్పావుగంట చల్లారనిచ్చాక గేరు పడింది. మిగిలిన ఎత్తంతా గేరు మనమే ఎంచుకునే ఎమ్ మోడ్‌లో ఒకటో గేరు, రెండో గేరులోనే, ముందు బండికి బాగా దూరం ఇచ్చి ఎక్కించాను. ఆ సందులోకి క్యాబ్‌లు, బైకులు దూరిపోతూనే ఉన్నాయి, అయినా అంతకంటే మార్గం లేదు.

ఆ తర్వాత వైజాగ్‌లో మామూలుగానే నడిచింది, అయితే పుస్తకంలో అంకెలు మారాయి. అంతకుముందు బంకుల్లో ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలు వచ్చాక ఇద్దరి మైలేజీ కొంచెం తగ్గింది, ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ కాబట్టి అది అర్థం చేసుకోదగిందే. ఈసారి అలా కాదు, తమ్ముడిది కదల్లేదు, నాది ఒక్కటే 15 కిందికి, తర్వాత 14 దగ్గరికి దిగింది. టైర్లలో గాలి సరిగ్గానే ఉంది, ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగానే ఉంది. ఇక మిగిలింది క్లచ్చే, ఇంజిన్ తిరిగినంత చక్రానికి చేరడం లేదు. కొన్ని వారాలకు మొదటి గేరులో వణుకు కూడా మొదలైంది. ఏఎంటీ వాడేవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఒక్కటి చెయ్యండి, ట్యాంకు ట్యాంకుకీ లెక్క రాసుకోండి, పెడల్ చెప్పాల్సింది ఆ లెక్కే చెప్తుంది.

సర్వీస్ సెంటర్‌లో "క్లచ్ అరుగుదల భాగం సార్, వారంటీలో రాదు" అన్నారు. బిల్లు 20 వేలు దాటింది. నాకు కోపం వచ్చింది డబ్బు గురించి కాదు, కొనేటప్పుడు మైలేజీ అంకెను పెద్ద అక్షరాల్లో చూపించినవాళ్లు ఘాట్‌లో ఎలా నడపాలో ఒక్క వాక్యం చెప్పలేదు. తమ్ముడిదైతే ఆటోనగర్‌లో తెలిసిన మెకానిక్ మారుస్తాడు, ఖర్చు చాలా తక్కువ. దీనికి ప్లేటు మార్చాక స్కానర్ పెట్టి, కొత్త క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి నేర్పించాలి, ఆ స్కానర్ చిన్న షెడ్లలో దొరకడం కష్టం. నెలకు వెయ్యి కిలోమీటర్ల మీద ఊళ్లో నాకు మిగిలేది నాలుగు లీటర్ల పెట్రోలు, అంటే నాలుగు వందల చిల్లర. నాలుగేళ్లలో మిగిలిందంతా ఆ ఒక్క బిల్లుతో సరి. కొన్నప్పుడు మాన్యువల్ మీద అదనంగా పెట్టిన 50 వేలు ఇంకా అలాగే ఉన్నాయి. కాబట్టి పైన మైలేజీ గురించి రాసింది పెట్రోలు వరకే నిజం.

అయినా నేను దీన్ని అమ్మడం లేదు. నాకు ఎడమ మోకాలు నొప్పి, రోజూ ఆ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కలేను, కొత్త ప్లేటు పడ్డాక మైలేజీ మళ్లీ 15.5కి వచ్చింది, మా ఆవిడ కూడా నడుపుతుంది. మోకాలు బాగుండి ఉంటే ఏం కొనేవాణ్నో చెప్పలేను.

తమ్ముడి లెక్క వేరు. వాడుండేది అనకాపల్లి, ఉద్యోగం పాడేరులో, వారం వారం ఘాట్ ఎక్కాలి. కార్లు మార్చుకున్నప్పుడు పాడేరు దారిలో నా ఏఎంటీ వాడికి వాడి మాన్యువల్ కంటే కిలోమీటరు పైగా తక్కువే ఇచ్చింది. మలుపు దగ్గర కాలు తియ్యగానే మూడో గేరుకి పోవడం, మళ్లీ తొక్కితే ఆలోచించి రెండుకి దిగడం, ఎత్తంతా అదే వరస. ఈ మధ్య తనూ ఏఎంటీకి మారనా అని అడిగాడు. పాడేరు వెళ్లినంతకాలం మాన్యువలే ఉంచుకోమన్నాను, కిందికి బదిలీ అయితే అప్పుడు చూద్దాం, అదీ హిల్ హోల్డ్ ఉన్న వేరియంట్ అయితేనే.