మూడు మామిడి సీజన్లు వాడిన ఏబీఎస్ స్కానర్: పికప్ బండికి ఎంతవరకు పనికొస్తుంది

పికప్ బండ్ల ఏబీఎస్ (గట్టిగా బ్రేకు కొట్టినా చక్రాలు జామవకుండా చూసే ఏర్పాటు) పని కోసం, బండిలోని తప్పుల కోడ్లు చదివే 12,000 రూపాయల చేతి స్కానర్ ఒకటి మూడు సీజన్లుగా వాడుతున్నాం. దామలచెరువు, బంగారుపాళ్యం మండీలకు తోతాపురి మోసే బండ్లు, మదనపల్లె నుంచి టమాటా వేసుకుని భాకరాపేట ఘాటు దిగే బండ్లు, ఎక్కువగా వీటి మీదే వాడకం. ముందే ఒక మాట: ఇది ఏ చక్రమో చెబుతుంది, ఏ పార్టు పోయిందో చెప్పదు. కోడు చూసి నేరుగా చక్రం వేగం చదివే సెన్సర్ మార్చేస్తే చాలాసార్లు డబ్బు పోతుంది, డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ లైటు మాత్రం మళ్లీ వెలుగుతుంది.

కొనే ముందు ఏబీఎస్‌ని నడిపే పెట్టెని, అంటే మాడ్యూల్‌ని, చదువుతుందో లేదో మీ బండికే తగిలించి చూడండి. వెయ్యి రూపాయల బ్లూటూత్ అడాప్టర్లలో చాలావరకు ఇంజన్ కోడ్ల దగ్గరే ఆగిపోతాయి. ఏబీఎస్ కోడ్లు ‘సి’ అక్షరంతో మొదలవుతాయి. సి0035 అంటే ముందు ఎడమ చక్రం సెన్సర్, సి0040 ముందు కుడి, సి0045 వెనక ఎడమ, సి0050 వెనక కుడి. కొన్ని కంపెనీలు సొంత నంబర్లు వాడతాయి. ఎడమ కుడి అనేది డ్రైవరు సీట్లో కూర్చున్నట్టు లెక్క. బండికి ఎదురుగా నిలబడి చూసి, బాగున్న చక్రం విప్పుకునే వాళ్లున్నారు. కోడు రాసుకోకుండా మాత్రం చెరిపేయొద్దు.

ఈ పరికరానికి పెట్టిన డబ్బు లైవ్ డేటా (బండి నడుస్తుండగా ఒక్కో చక్రం వేగం స్క్రీన్ మీద చూపడం) దగ్గరే తిరిగొస్తుంది. ఖాళీ మైదానంలో ఒకరు నడుపుతూ, పక్కన ఇంకొకరు స్క్రీన్ చూడాలి. 20, 30 కిలోమీటర్ల వేగంలో నేరుగా వెళ్తే నాలుగు చక్రాల అంకెలు దాదాపు ఒకేలా ఉండాలి. తర్వాత మెల్లగా ఆపండి. మూడు చక్రాలు 8, 6, 4 అని దిగుతుంటే ఒకటి మాత్రం 10 దగ్గరే సున్నాకి పడిపోయిందంటే తప్పు అక్కడే. బండి ఆగబోతుండగా పెడల్ కింద గరగరమని కొట్టే జబ్బు ఇదే. చాలాసార్లు లైటు కూడా వెలగదు, అందుకే డిస్కు వంకర పోయిందని డిస్కులు మార్చేస్తారు. ఒక చక్రం అంకె ఎప్పుడూ మిగతా వాటికన్నా తేడాగా ఉంటే ముందు టైర్లు చూడండి. అరిగిన టైరు పక్కన కొత్తది, లేదా వేరే సైజుది వేసి ఉంటారు.

చక్రం తేలాక స్కానర్ పక్కన పెట్టి జాకీ ఎత్తండి. కింద స్టాండు, మిగతా చక్రాలకు అడ్డు తప్పనిసరి. మన మామిడి తోటల దారుల్లో ఎర్రమట్టి, దానికి తోడు బ్రేకు అరుగుదల ఇనుప పొడి, రెండూ కలిసి సెన్సర్ మొనకి పట్టేస్తాయి. మొన అయస్కాంతం కాబట్టి పొడిని లాగేస్తుంది. సెన్సర్ కూర్చునే చోట తుప్పు ఉబ్బితే సెన్సర్ పైకి లేచి, చక్రంతో పాటు తిరిగే పళ్ల రింగుకి దూరం పెరుగుతుంది. ఆ సందు చాలా బండ్లలో 1 మిల్లీమీటరు చుట్టుపక్కలే. సన్న ఎమెరీతో తుప్పు తీసి మళ్లీ కూర్చోబెడితే కొత్త సెన్సర్ అవసరం లేకుండానే చాలా బండ్లు బాగవుతాయి. బిగుసుకున్న సెన్సర్‌ని కటింగ్ ప్లేయరుతో లాగితే విరుగుతుంది. తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి, గంట ఆగి, అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

వెనక చక్రాల్లో వైరే మొదటి అనుమానం. కమాను కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద లోడు పడి యాక్సిల్ లేస్తూ దిగుతూ ఉంటే, బ్రేకు గొట్టంతో కట్టిన వైరు ఛాసిస్‌కి రాసుకుని లోపల తెగుతుంది. పైతొడుగు బాగానే కనిపిస్తుంది. ఖాళీ బండిలో రాని కోడు లోడుతో వస్తే ఇదే. లైవ్ డేటా చూస్తూ ఒకరు వైరు కదిలించాలి, చక్రం మెల్లగా తిప్పుతూనే. మెలేసి టేపు చుట్టిన అతుకు తిరుపతి నవంబరు వానలకు నిలవదు. టంకం వేసి హీట్ ష్రింక్ ట్యూబు వేయండి, సెన్సర్ రెండు వైర్లు ఒకదానికొకటి చుట్టుకుని ఉండే మెలికని మాత్రం విప్పి వదిలేయొద్దు.

మల్టీమీటరు దగ్గర ఒక జాగ్రత్త. పాత రకం కాయిల్ సెన్సర్ అయితే కప్లర్ విప్పి ఓమ్స్ చూడొచ్చు. సాధారణంగా 800 నుంచి 2,000 మధ్య ఉంటుంది. అవతలి వైపు సెన్సర్‌తో పోల్చుకోవడమే నమ్మకం. మీటరు ఏసీ వోల్టుల్లో పెట్టి, చక్రం సెకనుకి ఒక చుట్టు తిప్పితే 0.1 వోల్టు పైన రావాలి. కొత్త బండ్లలోని యాక్టివ్ సెన్సర్‌కి (మాడ్యూల్ నుంచి కరెంటు అందితేనే పనిచేసే రకం) ఓమ్స్ చూసి ప్రయోజనం లేదు. దాని రెండు వైర్ల మధ్య, మాడ్యూల్ వైపు కప్లర్ దగ్గర, తాళం తిప్పి ఆన్ చేసినప్పుడు దాదాపు బ్యాటరీ వోల్టేజీ ఉండాలి. చక్రం తిరిగేటప్పుడు కరెంటు 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారాలి.

హబ్ బేరింగ్ మార్చిన మరుసటి రోజే లైటు వచ్చిందంటే, బేరింగ్ తిరగేసి కొట్టి ఉంటారు. పళ్ల రింగుకి బదులు బేరింగ్‌లోనే వచ్చే అయస్కాంతపు రింగు ఉన్న వైపు సెన్సర్ వైపే ఉండాలి. పైకి రెండు వైపులా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, కొట్టే ముందు అయస్కాంతం చూపే కార్డుతో పరీక్షించాలి.

సి0110 కోడు అంటే ఏబీఎస్ పంపు మోటారు, సి0121 అంటే వాల్వ్ రిలే. ఇవి వస్తే మాడ్యూల్ ధర అడగడానికి ముందు పెద్ద ఫ్యూజులు, బ్యాటరీ, ఎర్త్ బోల్టు చూడండి. స్కానర్‌తో పంపు తిప్పిస్తూ ఎర్త్ వైరుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిస్తే 0.2 వోల్టు దాటకూడదు. ఏబీఎస్ లైటు ఒక్కటే వెలిగితే మామూలు బ్రేకు పనిచేస్తుంది, చక్రాలు జామై జారే ప్రమాదం మాత్రం ఉంటుంది. దాంతో ఎర్ర బ్రేకు లైటు కూడా వెలిగితే బ్రేకు ఆయిల్ మట్టం చూడండి, ఘాటు మీద నడపకండి. ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. డాట్ 4 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు.

ఈ స్కానర్‌తో నచ్చనివి రెండు. అప్‌డేట్‌కి ఏటా మళ్లీ డబ్బు కట్టాలి, కట్టకపోతే కొత్త మోడళ్లు చదవదు. ఏబీఎస్ బ్లీడింగ్ మెనూ కొన్ని పికప్‌లకే వస్తుంది. మాడ్యూల్ విప్పిన తర్వాత వాల్వుల్లో చిక్కిన గాలి తీయడానికి అది కావాలి కాబట్టి, మీ మోడల్‌కి ఉందో లేదో అడిగి కొనండి. పని అయ్యాక కోడు చెరిపినా లైటు వెంటనే ఆరకపోవచ్చు. కొన్ని బండ్లు 20 కిలోమీటర్ల వేగం దాటి కొంత దూరం నడిస్తేనే చక్రాలన్నీ సరిచూసుకుని ఆర్పుతాయి.